ఒక్కొక్క ఎలక్ట్రాన్‌నూ లెక్కించిన శాస్త్రవేత్త లియోనార్ మైఖేలిస్

బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న కొద్ది గంటలకే మూత్రం చిక్కని పసుపు రంగుకు మారడం చాలామందికి అనుభవమే. విరిగిన పాల తేటలో కనిపించే లేత పసుపు ఛాయకూ కారణం అదే పదార్థం. దాని పేరు రైబోఫ్లేవిన్, అంటే విటమిన్ బి-2. శరీరం దీని నుంచి తయారుచేసుకునే ఫ్లేవిన్ అణువులు అనేక ఎంజైమ్‌లలో ఇమిడి ఉండి, ఆహారం నుంచి లభించే ఎలక్ట్రాన్లను ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేస్తాయి. ఈ చేరవేతకు నడుమ ఒంటరి ఎలక్ట్రాన్‌తో కూడిన ఒక మధ్యస్థితి ఉంటుందని ప్రయోగాలతో చూపినవారిలో అగ్రగణ్యుడు లియోనార్ మైఖేలిస్.

ఆయన 1875 జనవరి 16న బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. వైద్యవిద్య అభ్యసించి, ప్రఖ్యాత శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ వద్ద సహాయకుడిగా పనిచేశారు. అనంతరం బెర్లిన్ నగరంలోని ఒక పురపాలక ఆసుపత్రిలో, పరిమిత వసతుల చిన్న ప్రయోగశాలలో పరిశోధన సాగించారు. కెనడాకు చెందిన వైద్యురాలు మాడ్ మెంటెన్‌తో కలిసి, చక్కెరను విడగొట్టే ఎంజైమ్ ఎంత వేగంగా పనిచేస్తుందో లెక్కగట్టి 1913లో ప్రచురించారు. మైఖేలిస్-మెంటెన్ సమీకరణంగా అది నేటికీ జీవరసాయన శాస్త్ర విద్యార్థుల తొలి పాఠాల్లో ఒకటి.

ఇంతటి కృషి చేసినా జర్మనీలో ఆయనకు తగిన పదవి దక్కలేదు. రక్తపరీక్షతో గర్భాన్ని నిర్ధారించవచ్చని ఎమిల్ అబ్దర్‌హాల్డెన్ అనే ప్రముఖుడు ప్రకటించగా, తన ప్రయోగాల్లో ఆ ఫలితం రావడం లేదని మైఖేలిస్ వెల్లడించారు. ఆ పరీక్షకు ఆధారం లేదని కాలక్రమంలో తేలింది. అయితే పలుకుబడి గలవారిని కాదన్నందుకు మైఖేలిస్ మూల్యం చెల్లించవలసి వచ్చిందని చరిత్రకారులు భావిస్తారు. 1922లో ఆయన జపాన్‌లోని నగోయాకు ఆచార్యుడిగా వెళ్లారు. 1926లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికీ, 1929లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థకూ చేరారు. అప్పటికి ఆయన వయసు 54 ఏళ్లు. ఆయన జీవితంలో మరో కీలక అధ్యాయం అక్కడే మొదలైంది.

సేంద్రియ పదార్థాల ఆక్సీకరణంలో ఎలక్ట్రాన్లు జంటగానే వెళతాయని నాటి రసాయన శాస్త్రవేత్తలు నమ్మేవారు. మధ్యలో కనిపించే రంగులను రెండు అణువులు జతకట్టిన సమ్మేళనాలుగా వివరించేవారు. మైఖేలిస్ కొన్ని రంగు పదార్థాలను కొద్దికొద్దిగా ఆక్సీకరిస్తూ విద్యుత్ పొటెన్షియల్‌ను కొలిచారు. ఒక ఎలక్ట్రాన్ వెళ్లిన తరువాత, రెండోది వెళ్లడానికి ముందు, ఒక విడి మెట్టు ఉన్నట్లు ఆ కొలతలు చూపాయి. ఆ మధ్యస్థితికి ఆయన సెమిక్వినోన్ అని పేరు పెట్టారు. అది ఒక ఫ్రీ రాడికల్. ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న అణువులు అయస్కాంత క్షేత్రం వైపు ఆకర్షితమవుతాయి కనుక, అయస్కాంత కొలతలతోనూ ఈ వాదనను పరీక్షించారు. 1936లో తన సహచరులతో కలిసి, ఫ్లేవిన్లలోనూ ఈ మెట్టు ఉందని ప్రచురించారు.

అయితే జీవకణంలోని ప్రతి ఆక్సీకరణమూ ఒక్కొక్క ఎలక్ట్రాన్‌గానే సాగి తీరాలని ఆయన ప్రతిపాదించారు. ఆ సాధారణీకరణ నిలబడలేదు. కొన్ని ఎంజైమ్ చర్యల్లో హైడ్రోజన్ రెండు ఎలక్ట్రాన్లతో సహా నేరుగా మారుతుందని 1950 దశకం ఆరంభంలో రుజువైంది. అదే దశకంలో ఒంటరి ఎలక్ట్రాన్లను గుర్తించే ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ పద్ధతి ఫ్లేవిన్ ఎంజైమ్‌లలోని రాడికల్‌ను నేరుగా పట్టి చూపింది. ఈ రెండు తీర్పులనూ చూడకుండానే, 1949 అక్టోబర్ 8న న్యూయార్క్‌లో మైఖేలిస్ కన్నుమూశారు. పదవీ విరమణ తరువాత కూడా ఆయన పరిశోధన ఆపలేదు.

ఫ్లేవిన్ రాడికల్ ప్రవర్తన నేడు మరింత స్పష్టమైంది. నీటిలో విడిగా ఉన్నప్పుడు రెండు రాడికల్‌లు ఎదురుపడితే, ఒకటి తన ఎలక్ట్రాన్‌ను మరొకదానికి ఇచ్చి, రెండూ ఆ స్థితిని కోల్పోతాయి. ఎంజైమ్ మాంసకృత్తు మాత్రం దానిని తన లోపల విడిగా పట్టి ఉంచి స్థిరపరచగలదు. అలా నిలిచిన రాడికల్ ప్రోటాన్‌తో కూడి ఉంటే నీలం రంగులో, ప్రోటాన్ లేకుంటే ఎరుపు రంగులో కనిపిస్తుంది.

రెండు ఎలక్ట్రాన్లను ఒకేసారి స్వీకరించి, ఒక్కొక్కటిగా అందించగలగడమే ఫ్లేవిన్ ప్రత్యేకత. కాలేయంలో అనేక మందులను మార్చే ఎంజైమ్‌లకు ఎలక్ట్రాన్లు అందేది ఈ పద్ధతిలోనే. కణాల శ్వాసక్రియకూ ఇదే ఆధారం. అదే ఎలక్ట్రాన్ దారితప్పి ఆక్సిజన్‌ను చేరితే హానికర సూపర్ఆక్సైడ్ పుడుతుంది.

మైఖేలిస్‌కు నోబెల్ బహుమతి రాలేదు. సార్వత్రిక నియమమన్న ఆయన వాదన చెల్లలేదు. ఆయన కొలిచి చూపిన మెట్టు మాత్రం ఉన్నదని తేలింది.