మూగజీవుల పక్షాన రుక్మిణీదేవి

భరతనాట్యానికి సభామర్యాద కల్పించిన విదుషీమణిగా రుక్మిణీదేవి అరండేల్ ప్రసిద్ధురాలు. మూగజీవుల రక్షణకై ఆమె ముప్పైనాలుగేళ్లు శ్రమించిన వృత్తాంతం మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు.

ఆమె 1904 ఫిబ్రవరి 29న మదురైలో జన్మించారు. తండ్రి నీలకంఠశాస్త్రి ఇంజనీరు, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. ఉద్యోగ విరమణానంతరం ఆయన కుటుంబంతో మద్రాసు సమీపాన గల అడయారులో స్థిరపడ్డారు. ఆ సమాజం ప్రబోధించిన సర్వజీవ సౌభ్రాత్రం, శాకాహార నియమం బాలికగా ఉన్నప్పుడే ఆమె మనసుకెక్కాయి. 1920లో ఆంగ్లేయుడైన జార్జ్ అరండేల్‌ను వివాహమాడి, ఛాందసుల ఆగ్రహాన్ని చవిచూశారు. 1935లో నాట్యప్రదర్శన ఇచ్చి, మరుసటి సంవత్సరమే కళాక్షేత్రాన్ని నెలకొల్పారు. దంపతులిద్దరికీ విద్యపై మక్కువ ఎక్కువ. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మాంటిస్సోరి అడయారుకు విచ్చేసి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

1952లో ఆమె రాజ్యసభకు నామనిర్దేశితులయ్యారు. కళారంగం నుండి వచ్చిన సభ్యురాలు కళల గురించే మాట్లాడతారని పలువురు భావించి ఉండవచ్చు. ఆమె ప్రవేశపెట్టినది జంతుహింస నివారణ బిల్లు! అప్పటికి అమలులో ఉన్నది 1890 నాటి చట్టం. బండ్లలాగే పశువులు, బోనుల్లో మగ్గే మృగాలు, ప్రయోగశాలలకు తరలిపోయే కోతులు, అన్నింటి బాధనూ ఆమె సభ ముందుంచారు. 1954లో ప్రధాని నెహ్రూ ఆమె ఆశయాన్ని మెచ్చుకొని, ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెస్తుందని హామీ ఇచ్చి, బిల్లును ఉపసంహరించుకోవలసిందిగా కోరారు. ఆమె అంగీకరించారు. చేతికందిన అవకాశాన్ని ఒక హామీపై విడిచిపెట్టడం సామాన్యమైన విషయం కాదు. హామీ ఫలించడానికి ఆరేళ్లు పట్టింది.

1960లో వెలువడిన చట్టం ఆమె కోరినదంతా ఇవ్వలేదు. శాస్త్రప్రయోగాలకు మినహాయింపు లభించింది. తొలి నేరానికి జరిమానా 50 రూపాయలు దాటదు. అయినప్పటికీ కదలడానికి చాలని బోనులో జంతువును ఉంచడం, మితిమీరిన బరువు గల లేదా మరీ పొట్టిదైన గొలుసుతో ఎక్కువకాలం బంధించడం నేరాలయ్యాయి. ఏనుగు విషయంలో ఈ మాటకు ఎంతటి అర్థముందో చెప్పనక్కరలేదు. అడవిలో మందతో కలిసి నిత్యం మైళ్లకొద్దీ నడిచే ప్రాణి, కాలికి గొలుసుతో ఒకేచోట నిలబడి తల ఊపుతూ ఉంటుంది. చూసే పిల్లలు అది ఆడుతున్నదనుకొని చప్పట్లు కొడతారు. అది ఆట కాదనీ, బంధనం వల్ల కలిగిన బాధకు చిహ్నమనీ వారికి ఎవరైనా చెప్పాలి కదా!

చట్టం ఆ బాధ్యతను సైతం విస్మరించలేదు. దాని ప్రకారం 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలి విధులలో జీవకారుణ్య బోధన ఒకటి. ఉపన్యాసాలు, పుస్తకాలు, గోడపత్రాలు, చలనచిత్రాల ద్వారా ప్రజాభిప్రాయాన్ని మలచవలసిందిగా చట్టమే నిర్దేశించింది. మండలి తొలి అధ్యక్షురాలు రుక్మిణీదేవియే. తుదిశ్వాస వరకు ఆమె ఆ పదవిని నిర్వహించారు.

1977లో ప్రధాని మొరార్జీ దేశాయి రాష్ట్రపతి పదవికి ఆమె పేరు ప్రతిపాదించగా ఆమె సున్నితంగా నిరాకరించారు. ఆ ఏడు మన తెలుగువాడైన నీలం సంజీవరెడ్డి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. రుక్మిణీదేవి తన నాట్యశాలలోనే, తన మూగజీవుల పనిలోనే ఉండిపోయారు.

1986 ఫిబ్రవరి 24న ఆమె కన్నుమూశారు. ఆమె సాధించిన చట్టం ఆధారంగానే 1998లో ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలను ప్రదర్శనలకు శిక్షణ ఇచ్చి ఆడించడాన్ని కేంద్రప్రభుత్వం నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఆ జాబితాలో ఏనుగు పేరు లేదు.