బ్యాటున్నవాడే కెప్టెన్

కార్తీకమాసం వచ్చిందంటే మా వీధిలో గుంటలకి ఒళ్ళు తెలీదు. తెల్లారి మంచు ఇంకా విడవనే విడవదు, చెవులకి మఫ్లర్లు చుట్టుకుని, మూడు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ మొదలెట్టేస్తారు. సంక్రాంతి దాటి, ఎండ చురుక్కుమనేదాకా ఇదే వరస. బంతి వచ్చి మా తులసికోటకి తగలని రోజంటూ ఉండదు. మీ ఇంట్లోనూ ఇదే తంతు కదూ!

ఈ వీధి క్రికెట్‌కి ఒక ధర్మశాస్త్రం ఉంది. మా శ్రీకాకుళంలో నా చిన్నప్పుడు అన్నయ్యలు ఆడినప్పుడూ అదే, పెళ్ళై విజయనగరం వచ్చి ఇన్నేళ్ళయ్యాక మా అబ్బాయి ఆడుతున్నప్పుడూ అదే. బ్యాటు ఎవడిదైతే కెప్టెన్ వాడే! వాడికి ఆట వచ్చా రాదా అని ఎవరూ అడగరు. వాడు అలిగి బ్యాటు పట్టుకుని ఇంటికెళ్ళిపోతే ఆటే లేదు మరి.

పోయిన చలికాలం మావారు ముచ్చటపడి మావాడికి బ్యాటు, ప్యాడ్లు, గ్లవ్సు అన్నీ కొనిపెట్టారు. ఇంకేముంది, మర్నాటికల్లా మావాడు కెప్టెన్. నాలుగు రోజులు పోయాక రాత్రి భోజనాల దగ్గర గొప్పగా ఓ కబురు చెప్పాడు. వీధి చివర ఇస్త్రీబండి అతని కొడుకు ఒకడున్నాడు, మా గుంటలందరిలోకీ బాగా ఆడతాడు. తనని ముందు బ్యాటింగుకి పంపలేదని వాడు ఏదో అన్నాడట. మావాడు వాణ్ణి జట్టులోంచి తీసేసి ఇంటికి పంపేశాడట. మావారు నవ్వేశారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. మా అత్తగారు మజ్జిగ పోసుకుంటూ, అచ్చం మన కోట రాజకుమారుడి బుద్ధే వచ్చింది వీడికి అని ఓ మాట అనేసి ఊరుకున్నారు.

ఆ రాజకుమారుడెవరో విజయనగరంలో చిన్నపిల్లాడైనా చెబుతాడు. ఊళ్ళో స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. విజ్జీ! అసలు పేరు పూసపాటి విజయానంద గజపతి రాజు. పేరు రోజూ వింటూనే ఉన్నాను గానీ, ఆ మనిషి కథేమిటో నాకు పూర్తిగా తెలీదు. అత్తగారి మాట ముల్లులా గుచ్చుకుంటే, దొరికిన పుస్తకాలన్నీ తెచ్చుకుని చదివాను. చదివింది మీకూ చెబుతాను.

విజ్జీ చలికాలం బిడ్డ. 1905 డిసెంబరు 28న పుట్టారు. తండ్రి పూసపాటి విజయరామ గజపతి రాజు. ఆయనకి ఈయన రెండో కొడుకు. గద్దె పెద్దవారు అలక్ నారాయణ గజపతి రాజుకి దక్కింది. ఈయనకి మిగిలింది మహారాజకుమార్ అన్న బిరుదు. ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలిగా కాపురం చేసినవాళ్ళకి ఈ సంగతి వివరించి చెప్పక్కర్లేదు. తిండికీ గుడ్డకీ లోటుండదు. మర్యాదకీ లోటుండదు. బీరువా తాళాలు మాత్రం ఎప్పుడూ ఇంకొకరి బొడ్లోనే ఉంటాయి.

అజ్మీరులో రాజకుమారుల కోసం పెట్టిన మేయో కాలేజీలో చదివారు. ఆపైన ఇంగ్లండులో హేలీబరీ బడికి వెళ్ళారు. టెన్నిసు బాగా ఆడేవారు. వేటంటే మహా సరదా. కాశీపూర్ రాజుగారి అమ్మాయిని పెళ్ళాడి, కాశీలో తమకున్న ఎస్టేటు చూసుకుంటూ అక్కడే స్థిరపడ్డారు. అన్నిటినీ మించిన పిచ్చి క్రికెట్. 1926లో కాశీలో తన భవనం దగ్గరే మైదానం చేయించి, సొంత జట్టు పెట్టుకున్నారు.

ఇక్కడ చిన్న విషయం చెప్పాలి. క్రికెట్ పుట్టిన ఇంగ్లండులో అది వేసవి ఆట. చలికాలం వస్తే అక్కడ మైదానాలు తడిసి ముద్దవుతాయి, ఒక్కోసారి మంచు కప్పేస్తుంది. ఆటగాళ్ళకి చేతిలో పనుండదు. మనకి తిరకాసు. వేసవిలో ఎండకి బయట నిలబడలేం, వానాకాలం బురద. హాయిగా ఆడుకోవాలంటే చలికాలమే. అందుకే ఇంగ్లండువాళ్ళు తమ చలికాలంలో ఓడెక్కి మనవైపు వచ్చేవారు.

1930 చలికాలంలో కూడా ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు రావలసింది. కానీ ఆ ఏడాది గాంధీగారి ఉప్పు సత్యాగ్రహంతో దేశమంతా అట్టుడికిపోతోంది. ప్రయాణం రద్దు చేసుకున్నారు. అప్పుడు విజ్జీ ఏం చేశారో చూడండి. వాళ్ళు రాకపోతే నేనే రప్పిస్తానని బయల్దేరారు. ప్రపంచంలోకెల్లా గొప్ప ఓపెనింగ్ జోడీ జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్. ఆ ఇద్దర్నీ తన జట్టులో ఆడటానికి పిలిపించారు. మన తెలుగు కుటుంబంలోంచి వచ్చిన నాగపూర్ వీరుడు సి.కె. నాయుడు, ఇండోరు నుంచి పదహారేళ్ళ కుర్రాడు ముస్తాక్ అలీ కూడా ఆయన జట్టులో ఆడారు. ఆ చలికాలమంతా విజ్జీ జట్టు ఇండియాలోనూ సింహళంలోనూ తిరిగి ఆడింది. డిసెంబరులో హాబ్స్‌కి నలభై ఎనిమిదేళ్ళు నిండాయి. ఆ వయసులోనూ ఆయన ఇక్కడ సెంచరీలు కొట్టారు. హాబ్స్ జీవితంలో కొట్టిన సెంచరీలు 197 అని కొందరు, 199 అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ తేడా రెండు సెంచరీలూ మన విజ్జీ జట్టు తరఫున కొట్టినవే!

పైకి చూస్తే ఇదంతా డబ్బున్నవాడి సరదా. నిజమే. కానీ ఒక్కసారి ఆలోచించండి. టీవీ లేదు. పల్లెల్లో రేడియో కూడా లేదు. ఎవరో చెప్పగా వినడమే తప్ప హాబ్స్ ఎలా ఆడతాడో చూసే వీలే లేని రోజులవి. అలాంటి మనిషి పక్కన నిలబడి ఆడటం ముస్తాక్ అలీ వంటి పిల్లాడికి ఎంత చదువు! తర్వాత వెస్టిండీస్ నుంచి లియరీ కాన్‌స్టంటైన్‌ని కూడా విజ్జీ ఇలాగే మన దేశానికి రప్పించారు. 1934 జనవరిలో, డగ్లస్ జార్డిన్ నాయకత్వంలో వచ్చిన ఎం.సి.సి. జట్టుని కాశీలో విజ్జీ జట్టు 14 పరుగుల తేడాతో ఓడించింది. ఆ పర్యటన మొత్తంలో వాళ్ళు ఓడిన మ్యాచ్ అదొక్కటే. ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో ఒక పెవిలియన్ కట్టించి ఇచ్చారు. జాతీయ పోటీలకి వైస్రాయి విల్లింగ్డన్ పేరు మీద బంగారు కప్పు కూడా ఇద్దామనుకున్నారు గానీ, పటియాలా మహారాజు ముందే అందుకుని రంజీ పేరుతో కప్పు ఇచ్చేశారు.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆటని ప్రేమించి, ఆటగాళ్ళని ఆదుకున్న పెద్దమనిషిగా మిగిలిపోయేవారు. కానీ వడ్డించిన చెయ్యి విస్తరి ముందు కూడా కూర్చోవాలనుకుంది. మొదటి పంక్తిలో, అందరికంటే ముందు.

1932లో మన దేశం మొట్టమొదటి టెస్ట్ ఆడటానికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు విజ్జీకి ఇచ్చినది కెప్టెన్సీ కాదు, ఉపనాయకుడికి సహాయకుడి పదవి. ఒంట్లో బాగులేదనీ, ఆట సరిగా లేదనీ చెప్పి ఆయన తప్పుకున్నారు. ఆ జట్టుకి కెప్టెన్‌గా వెళ్ళిన పోర్‌బందర్ మహారాజు తన ఆట తనకి తెలిసిన మనిషి. టెస్ట్ రోజున తాను పక్కకి తప్పుకుని, పగ్గాలు సి.కె. నాయుడికి అప్పగించారు. ఇది నాకు ఎంతో నచ్చింది. పదవి పుచ్చుకోవడమే కాదు, వదలడం కూడా ఒక విద్యే.

విజ్జీకి ఆ విద్య రాలేదు. 1936 ఇంగ్లండు పర్యటనకి పట్టుబట్టి కెప్టెన్ అయ్యారు. నాయుడు ఆయన కింద ఆటగాడిగా వెళ్ళాల్సి వచ్చింది. జట్టు రెండు ముక్కలైంది. కెప్టెన్‌ని పొగిడేవాళ్ళు ఒకవైపు, పొగడనివాళ్ళు ఒకవైపు.

ఆ జట్టులో లాలా అమర్‌నాథ్ అనే ఇరవై నాలుగేళ్ళ కుర్రాడున్నాడు. 1933 డిసెంబరులో బొంబాయిలో 118 పరుగులు చేసి, మన దేశం తరఫున మొదటి టెస్ట్ సెంచరీ కొట్టినది అతనే. ఈ పర్యటనలోనూ బ్యాటుతోనూ బంతితోనూ అందరికంటే ముందున్నాడు. జూన్‌లో లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ జట్టుతో ఆట. అమర్‌నాథ్ ప్యాడ్లు కట్టుకుని కూర్చుంటే, అతన్ని పంపకుండా ఒకరి తర్వాత ఒకరిని పంపుతూ పోయారు. చివరికి వెళ్ళి ఆడి వచ్చాక, కుర్రాడు పట్టలేక ప్యాడ్లు విసిరికొట్టి పంజాబీలో ఏదో గొణిగాడు. అంతే. మొదటి టెస్ట్ ఇంకా మొదలవ్వకుండానే క్రమశిక్షణ పేరు చెప్పి అతన్ని ఓడెక్కించి ఇంటికి పంపేశారు.

ఇది చదువుతుంటే మావాడూ, ఇస్త్రీబండి అతని కొడుకూ కళ్ళముందు కదిలారు. పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

ఆ వేసవిలో మన జట్టు మూడు టెస్టుల్లో రెండు ఓడిపోయింది. మాంచెస్టరులో ఆడిన రెండో టెస్ట్ ఒక్కటే డ్రాగా దక్కింది. అక్కడ విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్‌కి 203 పరుగులు జోడించారు. ముస్తాక్ కొట్టిన 112, విదేశీ గడ్డ మీద మనవాళ్ళు కొట్టిన మొదటి టెస్ట్ సెంచరీ. 1930 చలికాలంలో విజ్జీ చేరదీసిన ఆ పదహారేళ్ళ కుర్రాడే, 1936 వేసవిలో విజ్జీ పరువు కాస్త కాపాడాడన్నమాట. విజ్జీ మాత్రం మూడు టెస్టులూ కలిపి చేసినవి 33 పరుగులు. ఆ పర్యటనలోనే ఆయనకి సర్ బిరుదు వచ్చింది. ఇండియాకి తిరిగొచ్చాక, బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన విచారణ జరిగింది. అమర్‌నాథ్ తప్పేమీ లేదని తేల్చారు. విజ్జీకి ఫీల్డర్లని ఎక్కడ నిలబెట్టాలో, బౌలర్లని ఎప్పుడు మార్చాలో తెలీదనీ, బ్యాటింగుకి ఒక వరసంటూ పాటించలేదనీ రాశారు. విజ్జీ మళ్ళీ టెస్ట్ ఆడలేదు. ఇంటికి పంపించేసిన అమర్‌నాథ్ స్వతంత్ర భారతానికి మొదటి టెస్ట్ కెప్టెన్ అయ్యాడు.

కథ ఇక్కడితో ముగిస్తే విజ్జీకి అన్యాయం చేసినట్టే. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చే ముందు తన సర్ బిరుదు వదిలేసుకున్నారు. పోర్‌బందర్ మహారాజుకి వచ్చిన ఆ విద్య ఈయనకి ఆలస్యంగా అబ్బిందేమో అనుకున్నాను. ఉత్తరప్రదేశ్‌లో క్రికెట్‌కి పెద్ద దిక్కయ్యారు. 1954లో భారత క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యారు. నన్ను కదిలించినది మాత్రం వేరే సంగతి. 1956 చలికాలంలో ఉత్తరప్రదేశ్ జట్టుకి కెప్టెన్‌గా రమ్మని సి.కె. నాయుడిని పిలిచారు. అప్పటికి నాయుడికి అరవై ఒక్క ఏళ్ళు! 1936లో లాక్కున్నది ఇరవై ఏళ్ళ తర్వాత తిరిగి ఇచ్చినట్టయింది. మనసులో ఏముందో మనకి తెలీదు. చేసిన పని మాత్రం కనిపిస్తోంది.

1958లో పద్మభూషణ్ వచ్చింది. 1960లో, మళ్ళీ 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు. రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పేవారు. 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశారు. చలికాలంలో పుట్టిన మనిషి చలికాలంలోనే, అరవై నిండటానికి ఇంకా నెల రోజులైనా మిగలకుండా వెళ్ళిపోయారు. ఆయన పోయాక విశ్వవిద్యాలయాల కుర్రాళ్ళ పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు పెట్టారు. ఎంతోమంది టెస్ట్ ఆటగాళ్ళు కుర్రతనంలో ఆ కప్పు కోసం ఆడినవాళ్ళే.

నాకనిపించింది చెబుతాను. వచ్చినా రాకపోయినా ఆడుకోవడంలో తప్పులేదు. మంచులో పరిగెత్తి, చెమటలు కక్కి, నవ్వుకుంటూ ఇంటికి రావడానికి గొప్ప ఆటగాడే కానక్కర్లేదు. మన ఆడవాళ్ళకి ఆ సరదా కూడా దక్కలేదు, అది వేరే కథ. తప్పంతా ఎక్కడ వస్తుందంటే, కొనిపెట్టిన బ్యాటు చూసి వచ్చిన పదవిని మన ఆట చూసి వచ్చిందనుకోవడంలో. విజ్జీ ఇచ్చిన చలికాలం ఎంత తియ్యనిదో, అడిగి పుచ్చుకున్న వేసవి అంత చేదు.

ఆ రాత్రి మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా కథలా చెప్పాను. నీతి ఏమీ చెప్పలేదు. హాబ్స్ దగ్గర కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. అమర్‌నాథ్ ఓడెక్కిన దగ్గర తల వంచుకున్నాడు. తర్వాత ఏమయిందని కూడా అడక్కుండా దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ముగ్గేస్తుంటే మావాడు బ్యాటు చంకలో పెట్టుకుని, ప్యాడ్లు భుజానేసుకుని బయల్దేరాడు. రోజూ వెళ్ళే వైపు కాదు, వీధి చివర ఇస్త్రీబండి వైపు. నేను పిలవలేదు. మంచులో కాస్త దూరం వెళ్ళేసరికి కనబడకుండా పోయాడు. పావుగంటకి వీధిలో అరుపులు వినిపించాయి. ఇంకో రెండు నిమిషాలకి బంతి వచ్చి మా తులసికోటకి ఠపీమని తగిలింది.

అంత గట్టిగా కొట్టడం మావాడి వల్ల కాదు.