ఇల్లు విడిచిన ఇబ్న్ బతూతా

మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇళ్లల్లో కొడుకు గల్ఫుకు పోతుంటే అమ్మీ కళ్లు తుడుచుకుంటుంది. మొరాకోలోని టాంజియర్ నుంచి 1325లో హజ్‌కని ఒంటరిగా కదిలిన ఇబ్న్ బతూతాకు ఇరవై ఒక్కేళ్లు. ఢిల్లీలో ఖాజీగా కూడా చేశారు; కొలువిచ్చిన ముహమ్మద్ బిన్ తుగ్లక్, 1323లో మన ఓరుగల్లును గెలిచిన యువరాజే. 1349లో ఊరు చేరేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు. తల్లినైతే కొద్ది నెలల ముందే ప్లేగు తీసుకుపోయింది.

ఇక ఇంట్లో కాలు నిలవలేదు. 1352లో ఒంటెల బిడారుతో సహారా ఎడారి దాటి మాలీకి వెళ్లారు. దారిలో తగాజాలో ఇళ్లూ మసీదూ ఉప్పురాళ్లతోనే కట్టుకున్నారట! నైజర్ నదిలో నీటిగుర్రాలను చూసి ఏనుగులనుకున్నారు. రాజు లోభి అని నొచ్చుకున్నా, అక్కడ బాటసారికి దొంగభయం లేదనీ, పిల్లలకు ఖుర్ఆన్ కంఠస్థమయ్యేదాకా పెద్దలు వదలరనీ మెచ్చుకున్నారు. ఆనాటి మాలీని కళ్లారా చూసి చెప్పినవారు మనకు ఆయనొక్కరే మిగిలారు.