తగడూరు నేలిన అదియమానుడు

సేలము మార్గమున ధర్మపురికి చేరువను అదియమానుకోట యను గ్రామము గలదు. వత్తల్‌మలై కొండకు సమీపముననున్న ధర్మపురియే ప్రాచీనకాలమున తగడూరను రాజధాని. నేడచ్చటికి పోవువారు కోటలోని మల్లికార్జున, కామాక్షీ ఆలయములను దర్శించి మరలుదురు. ఆ గ్రామమునకు తన పేరిచ్చిన రాజెవ్వడో విచారించువారు మన చెన్నపురి యాంధ్రులలో మిక్కిలి తక్కువ.

అదియమాన్ నెడుమాన్ అంజి సుమారు రెండువేల యేండ్ల క్రిందట తగడూరు నేలెను. చేర, చోళ, పాండ్యులవలె అతడు మహారాజు గాడు. వారి నడుమ తలయెత్తి నిలిచిన మండలాధిపతి. తమిళ కవులు కీర్తించిన యేడ్గురు దాతలలో నొకడు. తమిళసీమకు చెరకును తెచ్చినవారు అతని పూర్వులేయని సంఘకాలపు పద్యములు చెప్పుచున్నవి.

అతని కొలువున అవ్వైయారను కవయిత్రి యుండెను. దుర్గమమైన కొండచరియ నుండి అతనికొక యుసిరికఫలము లభించినది. తిన్నవారికి దీర్ఘాయువు గలుగునని ప్రతీతి. దాని మహిమను చెప్పినచో ఆమె స్వీకరింపదని కాబోలు, ఆ మాట మనసులోనే యుంచుకొని అతడు దానిని ఆమెకొసగెను. కంచినేలు తొండమానునితో వైరము పొడమినపుడు ఆమెనే దూతగా పంపెను. నేతిపూతతో మెఱయు తొండమానుని యాయుధములను ఆమె పొగడి, తన ప్రభువు ఈటెలు మొనలు విఱిగి కమ్మరి కొలిమికడ నున్నవని చెప్పెను. ఆ పొగడ్తలోని యెత్తిపొడుపు తెలియనివారుండరు.

అయినను ఇతనిని శాంతమూర్తిగా చిత్రించుట న్యాయము గాదు. మలైయమాన్ కారి యేలిన కోవలూరును అతడు ముట్టడించి గెలిచెను. కారి చేరరాజు నాశ్రయించెను. తుదకు పెరుంజేరల్ ఇరుంపొఱై తగడూరుపై దండెత్తి దానిని నాశమొనర్చెను. అంజి యా యుద్ధముననే కూలెనని సంప్రదాయము. ఉసిరికను తాను తినక యిచ్చిన ప్రభువునకు చరమగీతము పాడుట అవ్వైయారు పాలబడెను.

1981లో తిరుక్కోవలూరు ప్రాంతమున జంబై కొండగుహలో బ్రాహ్మీలిపి శాసన మొకటి బయల్పడినది. సతియపుత్రుడగు అదియన్ నెడుమాన్ అంజి యిచ్చిన నివాసమిది యని దాని భావము. తాను కత్తితో గెలిచిన సీమలో అతనికి మిగిలిన గుర్తు దానశాసనమే. కర్నూలు మండలమందలి యెఱ్ఱగుడి బండపై అశోకుడు చెక్కించిన ధర్మలిపిలో చోళ, పాండ్యులతోపాటు సతియపుత్రుల పేరును గలదు. అది యెవరి వంశమో పండితులు చిరకాలము తర్కించిరి. జంబై రాయి యా వివాదమును తీర్చినది. తరువాతి కాలమున, 9వ శతాబ్దమున, మన హేమావతి రాజధానిగా గల నొళంబులును తగడూరు నేలిరి. కనుక నీ చరిత్ర మనకు పరాయిది గాదు.

ఆ మహాయుద్ధమును వర్ణించిన తగడూరు యాత్ర యను గ్రంథము నశించి, కొన్ని పద్యములు మాత్రమే మిగిలినవి. తగడూరు కోటను శత్రువు కూల్చెను. గ్రంథమును మాత్రము ఉపేక్షయే కూల్చెను. మన స్వగ్రామములలో అటకలపై నున్న తాళపత్రములకు ఏ గతి పట్టుచున్నదో ప్రాజ్ఞులగు మన న్యాయవాదులును, వైద్యులును, ఉద్యోగులును ఆలోచింతురు గాక. చెన్నపురిలోనే ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము గలదు. సెలవులకు ఊరికేగినపుడు ఆ కట్టలను దింపి, చీడ తగులకముందే యిట్టి భాండాగారమునకు చేర్చుట కష్టసాధ్యము గాదని మా మనవి.