దత్తమండలాల మన్రో దొర

మన రాయలసీమ పల్లెల్లో ఒకప్పుడు మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకునేవారు. ఏడు సముద్రాలు దాటి వచ్చిన ఒక తెల్లదొర పేరు మన ఊరి పిల్లలకు ఎలా వచ్చింది? ఈ వార్షికోత్సవ సంచికలో మనం ఆ దొర జీవితాన్ని తెలుసుకుందాం.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం దివాలా తీసింది. ఇల్లు గడవడమే కష్టమైనప్పుడు మన్రో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చిన్న ఉద్యోగిగా చేరి 1780లో మద్రాసులో దిగాడు.

వచ్చిన ఏడాదే హైదర్ అలీతో యుద్ధం మొదలైంది. 1784 దాకా మన్రో ఆ యుద్ధంలోనే ఉన్నాడు. తరువాత 1790-92లో టిప్పు సుల్తాన్‌పై జరిగిన యుద్ధంలోనూ పాల్గొన్నాడు. తీరిక దొరికినప్పుడల్లా పారశీకం, హిందుస్తానీ నేర్చుకున్నాడు. ఆ భాషలే ఆయన దారి మార్చాయి. 1792లో టిప్పు నుంచి వచ్చిన బారామహల్ ప్రాంతానికి, అంటే నేటి సేలం వైపుకు, కెప్టెన్ రీడ్ కింద సహాయకుడిగా వెళ్లాడు. మధ్యలో జమీందారు లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించే రైతువారీ పద్ధతి అక్కడే రూపు దిద్దుకుంది.

1800లో నిజాం నవాబు తన దగ్గరున్న బళ్లారి, కడప ప్రాంతాలను కంపెనీకి అప్పగించాడు. అవే దత్తమండలాలు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు వచ్చేదాకా మన ప్రాంతాన్ని అలాగే పిలిచేవారు. మన్రో వాటికి ప్రధాన కలెక్టరుగా నియమితుడయ్యాడు. అప్పుడు సీమలో సుమారు 80 మంది పాళెగాళ్లు ఉండేవారు. మన్రో సైన్యం అండతో వారి కోటలను, అధికారాన్ని తీసేసి, కొందరికి భరణాలు ఇచ్చాడు. ఆ గాయం చాలాకాలం మానలేదు. పాళెగాళ్ల వంశానికి చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడి, 1847లో ఉరికంబం ఎక్కిన సంగతి మనకు తెలిసిందే.

మన్రో ఏడేళ్లపాటు ఎక్కువగా డేరాల్లోనే ఉంటూ ఊరూరా తిరిగాడు. పొలం పొలం కొలిపించి, ఏ చేను ఎవరి సాగులో ఉందో లెక్క రాయించాడు. ఆ ఏడేళ్లలో శిస్తు ఆదాయం సుమారు సగం పెరిగింది. ఆయన కంపెనీ ఉద్యోగి అని మనం మరువరాదు. అయితే వెళ్లేముందు 1807లో, శిస్తు భారం ఎక్కువగా ఉందనీ నూటికి 25 వంతులు తగ్గించాలనీ ఆయనే పైవారికి రాశాడు. వారు వినలేదు సరికదా ఊళ్లను గుత్తకు ఇచ్చారు. ఆ గుత్తలతో రైతులు చితికిపోయారు.

1807లో స్వదేశం వెళ్లిన మన్రో 1814లో తిరిగి వచ్చాడు. 1817-18 మరాఠా యుద్ధంలో సేనాధిపతిగా పనిచేసి సర్ బిరుదు పొందాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. రైతువారీ మళ్లీ అమలులోకి వచ్చింది. 1825లో ఆయనకు బారనెట్ హోదా దక్కింది.

చదువుకునే మనకు ముఖ్యమైన సంగతి మరొకటుంది. 1822లో మన్రో రాజధాని అంతటా బడుల లెక్క తీయించాడు. 12,498 బడులు తేలాయి. అనంతపురం కూడా కలిసి ఉన్న నాటి బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది మాత్రమే! తాలూకాకొక ప్రభుత్వ బడి పెట్టాలని 1826లో ఆయన సంకల్పించాడు.

1827లో ఇంటికి వెళ్లబోతూ, తన పాత సీమను చివరిసారి చూడాలని వచ్చాడు. జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించాడు. గుత్తిలో పాతిపెట్టి, తరువాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. వేంపల్లె దగ్గర గండిలో ఆయనకు బంగారు తోరణం కనిపించిందనీ, అది కనిపించినవారు ఎక్కువకాలం బతకరనీ సీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడాడనే కథా ఉంది.

మిత్రులారా! మన్రో లెక్కల్లో శిస్తు కట్టే పట్టాదారుకు పేరుంది. అదే చేను దున్నిన కూలికి పేరు లేదు. మాలో చాలామందిమి ఆ పేరులేనివారి మనవళ్లమే. అంటరానితనం రాజ్యమేలిన ఆ రోజుల్లో బడి గడప కూడా మా వాడలకు దూరమే. అందుకే మేము మన్రోను దేవుడని మొక్కము, దొర అని తిట్టి ఊరుకోము. ఊరూరా తిరిగి, కళ్లారా చూసి, లెక్క రాసి, తప్పనిపిస్తే పైవారికి చెప్పే గుణం మాత్రం ఆయన నుంచి నేర్చుకుంటాం. నేడు మా హాస్టల్ హాజరుపట్టీలో మా పేర్లు ఉన్నాయి. రేపు ఊరి లెక్క రాసే కలం మన చేతికి వచ్చినప్పుడు, అందులో ఎవరి పేరూ తప్పిపోకుండా చూద్దాం.