మన నీలం మాత్ర – యల్లాప్రగడ సుబ్బారావు గారు



ముందు నా తప్పు ఒప్పుకుంటున్నాను. వారానికోసారి మనకిచ్చే నీలం మాత్రను నేను నాలుగు వారాలు మింగలేదు. నాలుక కింద దాచి, తర్వాత చింతచెట్టు మొదట్లో ఊసేశాను. అది వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, అందుకని. పోయిన నెల ప్రార్థనలో కళ్ళు చీకట్లు కమ్మి పడిపోయాను. మీరంతా చూశారు. ఆ రోజు టిఫిను కూడా తినలేదు. నర్సమ్మ బీపీ చూస్తే పైది 90, కిందది 60 ఉంది. ఒంట్లో రక్తం కూడా తక్కువే అంది.

ఎందుకు పడ్డానో సైన్సు మేడం చెప్పారు. మనం నిలబడగానే సుమారు అర లీటరు రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగిపోతుంది. బీపీ తగ్గుతుంది. మెడ దగ్గర రక్తనాళాల్లో ఉన్న నరాలు అది కనిపెట్టి మెదడుకు చెప్తాయి. వెంటనే గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇదంతా కొన్ని క్షణాల్లోనే. రక్తంలో ఎర్రకణాలు తక్కువైతే, ఒంటికి గాలి సరిపోక గుండె ఊరికే కూర్చున్నా ఎక్కువ కొట్టుకోవాలి. అందుకే మనకి మెట్లెక్కితే ఆయాసం. ఖాళీ కడుపుతో ఎక్కువసేపు నిలబడితే పాపం ఆ గుండె ఎంతని లాగుతుంది?

ఆ మాత్రలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయించిన పెద్దాయన మన గోదావరి మనిషేనంట. ఆయన కథ లైబ్రరీలో చదివాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో బీదరికం. 13 ఏళ్ళప్పుడు కాశీ పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోతే, వాళ్ళమ్మ వెనక్కి రప్పించింది. రాజమండ్రిలో చదివారు. నాన్న పోయాక అమ్మ నగలు అమ్మి చదివించింది. మెట్రిక్ మూడోసారికి గాని పాసవలేదు. లెక్కల్లో తప్పిన మనమంతా ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మద్రాసులో డాక్టరు చదువుతూ ఖద్దరు గౌను వేసుకున్నారు. తెల్లదొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టా ఇచ్చారు. స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం క్షీణిస్తుంది.

1922లో అమెరికా వెళ్ళారు. ఆసుపత్రిలో కూలిపని లాంటివి చేసుకుంటూ హార్వర్డులో చదివారు. 1927లో ఫిస్క్ గారితో కలిసి కండలో శక్తి దాచే ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టారు. 1929లో ఏ.టి.పి. సంగతి తేల్చారు. గుండె కూడా కండే. అది ప్రతిసారి కొట్టుకోవడానికి ఆ శక్తే కావాలి.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూకి కూడా మందయ్యింది. అన్నదమ్ములు అప్పటికే లేరు. మన డెల్టాలో బోదకాలుకి ఇచ్చే డి.ఇ.సి. మందు కూడా వాళ్ళ బృందందే. ఆయన మళ్ళీ మనదేశం రాలేదు. 1948 ఆగస్టులో నిద్రలో గుండె ఆగి చనిపోయారు. అప్పటికి 53 ఏళ్ళే.

ఇది చదివినప్పుడు నాకు మా పిన్ని గుర్తొచ్చింది. కొండమీద మా ఊళ్ళో కాన్పులో చనిపోయింది. ఒంట్లో రక్తం లేదన్నారు. మా అమ్మ అది గాలి సోకడం అనుకుంది. పిన్నికి ఈ మాత్రలు అంది ఉంటే అని ఏడుపొచ్చింది. మనకి చేతికి అందిస్తున్నారు, నేను చెట్టు మొదట్లో ఊసేశాను.

చెల్లెళ్ళారా, మాత్ర పరగడుపున కాదు, అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో అంత తిప్పదు. విరేచనం నల్లగా వస్తే భయపడకండి, అది ఇనుము వల్ల. తల తిరిగితే సిగ్గుపడకుండా కూర్చోండి, నర్సమ్మకి చెప్పండి. ఈ వారం నేను మింగాను. వచ్చే వారం కూడా మింగుతాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని