వెలుగును చిత్రించిన రెంబ్రాంటు

బట్టల వ్యాపారం చేసేవారికి వెలుగు సంగతి చెప్పనక్కరలేదు. ఒకే జరీ చీర ఎండలో ఒక తీరుగా, దీపం వద్ద మరొక తీరుగా కనిపిస్తుంది. ఈ మర్మాన్ని మనుష్యుల ముఖాలపై చూపిన మహా చిత్రకారుడు రెంబ్రాంటు.

ఆయన 1606లో హాలండు దేశపు లైడెన్ పట్టణంలో జన్మించినాడు. తండ్రి గాలిమరతో ధాన్యం విసరి సంసారం నడిపినాడు. రెంబ్రాంటు యౌవనంలోనే ఆంస్టర్‌డాం చేరి, ధనికుల చిత్తరువులు వ్రాసి పేరు, ధనం గడించినాడు. 1634లో సాస్కియాను వివాహమాడినాడు. 1639లో 13,000 గిల్డర్లకు పెద్ద ఇల్లు కొన్నాడు.

ఆయన పద్ధతి ఇది. పటంలో చాలా భాగం నీడలో ఉంచి, చూపరుల కన్ను ఎక్కడ నిలువవలెనో అక్కడనే వెలుగు పడనిస్తాడు. నీడలో రంగు పలుచన, వెలుగులో దళసరి. 1642లో ముగించిన ఒక పెద్ద పటంపై పూత కాలక్రమాన నల్లబడగా, జనం అది రాత్రి దృశ్యమనుకొని ‘రాత్రి గస్తీ’ అని పేరు పెట్టినారు. 1946–47లో శుభ్రపరచగా పగటి దృశ్యమని తేలింది!

ఆ 1642లోనే సాస్కియా మరణించింది. ముగ్గురు బిడ్డలు అంతకుముందే పసితనంలో పోయినారు. ఏడాది నిండని టైటస్ ఒక్కడే మిగిలినాడు. రెంబ్రాంటు మాత్రం చిత్రాలు, వింత వస్తువులు కొనడం మానలేదు. ఇంటి బాకీ తీరలేదు. 1656లో దివాలా తీసినాడు. అప్పుడు వ్రాసిన జాబితాలో 363 పద్దులు ఉన్నవి. సామానులు, ఆ పైన ఇల్లు వేలంలో పోయినవి. 1660లో టైటస్, సహచరి హెండ్రిక్య కలిసి భాగస్వామ్య వ్యాపారం పెట్టి, అప్పులవాళ్లకు చిక్కకుండా ఆయన చిత్రాలు తమ సంస్థకే చెందేటట్లు పత్రం వ్రాసుకొన్నారు.

అటువంటి మనిషికి పని ఇచ్చేదెవరు? వర్తకులే ఇచ్చినారు. అద్దకపు బట్టల నాణ్యం పరీక్షించే సంఘాధికారులు అయిదుగురు ఆయనచేత తమ చిత్తరువు వ్రాయించుకొన్నారు. 1662 నాటి ఆ పటంలో ఎర్ర తివాచీ పరచిన బల్లపై పుస్తకం తెరచి ఉంటుంది. అందరివీ నల్లని దుస్తులు. పక్కనుంచి వచ్చే వెలుగు ముఖాలపై, తెల్లని మెడపట్టీలపై పడుతుంది. మనం అప్పుడే గదిలో అడుగుపెట్టినట్లు వారు తలెత్తి చూస్తారు. సరుకులో మోసాన్ని ఇట్టే పసిగట్టే కళ్లవి.

1663లో హెండ్రిక్య, 1668లో టైటస్ పోయినారు. మరుసటి ఏడు కూడా ఆయన అద్దంలో చూచుకొంటూ తన ముడతల ముఖాన్ని చిత్రించుకొన్నాడు. 1669 అక్టోబరు 4న కన్నుమూసినాడు.

దివాలా తీసినవాని గడప తొక్కరాదనుకొనే మన వ్యాపారలోకం ఆ అయిదుగురిని తలచుకోవలెను. వేలంలో ఇల్లు పోయింది గాని, చేతిలో పనితనం పోలేదని వారు గుర్తించినారు.